చెంపదెబ్బకు ఏ సెక్షన్?

ఆదివారం మధ్యాహ్నం, తెనాలిలో, భోజనాల దగ్గర మొదలైంది. మా మాస్టారి మేనకోడలు గుంటూరు కోర్టులో లాయరు. ఏడేళ్ళ కొడుకు చేతిలోంచి సెల్‌ఫోన్ లాక్కుంది. వాడు కంచం తోసేశాడు. పప్పన్నం నేల మీద, వాడి చెంప మీద అయిదు వేళ్ళు. వాడు వెక్కుతూనే పెరుగన్నం తిని, లోపలి గదిలో చాప మీద నిద్రపోయాడు. మాస్టారు మాత్రం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచారు.

నేనక్కడ ఎందుకున్నానో చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట ఆయన దగ్గర ఏడో తరగతి చదివాను. ఆయన చింతబరికె రుచి నా పిక్కలకు బాగా తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం వసారాలో జరిగిన వాదన నాకు వింతగా తోచింది. ఒకప్పుడు బడి మొత్తాన్ని బరికెతో నడిపిన మనిషి, తల్లిదండ్రులు పిల్లల మీద చెయ్యి చేసుకోవడాన్ని చట్టం నిషేధించాలంటున్నారు. పిల్లల కేసులు చూసే లాయరమ్మ వద్దంటోంది. పక్షాలు తారుమారయ్యాయని మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. గుర్తున్నంతవరకు ఆ మాటలు రాస్తున్నాను.

మాస్టారు: ఆ దెబ్బ పక్కింటావిడ కొట్టి ఉంటే ఏ సెక్షన్ కిందికి వస్తుందమ్మాయీ?

లాయరు: భారతీయ న్యాయ సంహిత 115. ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. రక్తం రానక్కర్లేదు, నొప్పి కలిగితే చాలు.

మాస్టారు: నువ్వు కొట్టావు కాబట్టి?

లాయరు: 27 నాకు అడ్డం నిలబడుతుంది. పన్నెండేళ్ళలోపు బిడ్డ మేలు కోసం సంరక్షకులు సద్భావంతో చేసిన పని నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో అదే 89.

మాస్టారు: చెయ్యి అలాంటిదే, చెంప అదే. ఆవిడ కొడితే నేరం, నువ్వు కొడితే మేలు.

లాయరు: వాడికి జ్వరమొస్తే పక్కింటావిడ తెల్లార్లూ కూర్చుని తడిగుడ్డ వెయ్యదు మామయ్యా. ఆ తేడా చట్టానికి తెలుసు.

మాస్టారు: తడిగుడ్డ వేసినందుకు కొట్టడం జీతమా? సరే, ఆ సెక్షన్ పుట్టుక విను. నీ పుస్తకంలోనే చదివాను. 1860లో చట్టం చేసినవాళ్ళు దాని కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. బిడ్డ కడుపులో రాయి ఉంది. ఆ రోజుల్లో కోత అంటే ప్రాణం మీదికి తెచ్చుకునే పని. చచ్చిపోతాడేమోనని తెలిసీ, బతికించుకోవాలనే తండ్రి వైద్యుడి చేత కోయిస్తాడు. బిడ్డను అడగడు. ఆ తండ్రి నేరస్థుడు కాడని చెప్పడానికి ఆ ఉదాహరణ. అందులో బెత్తం మాట లేదు, చెంపదెబ్బ మాట లేదు. వైద్యుడి కత్తి కోసం వేసిన పందిరి కింద మన చింతబరికె వచ్చి కూర్చుంది.

లాయరు: కోర్టులే కూర్చోబెట్టాయి. మితంగా, బుద్ధి చెప్పడానికి కొడితే చెల్లుతుందన్నాయి. ఇంగ్లండులో కూడా సరిగ్గా ఆ 1860లోనే, ఒక బడిపంతులు పదిహేనేళ్ళ కుర్రాణ్ణి చచ్చేదాకా కొట్టాడు. అతన్ని దోషిగా నిలబెట్టిన కేసులోనే జడ్జి, మితమైన, సహేతుకమైన దండన తల్లిదండ్రులకూ పంతులుకూ చెల్లుతుందని చెప్పాడు.

మాస్టారు: ఆ మాట చచ్చిపోయిన పిల్లాడి కేసులో పుట్టిందన్నమాట.

లాయరు: మీరు కథలు బాగా చెప్తారు. కానీ 27 ఉన్నంతమాత్రాన పిల్లలు గాలికి పోలేదు. 2015 బాలల న్యాయ చట్టంలో 75 ఉంది. బిడ్డ ఎవరి అధీనంలో ఉన్నాడో వాళ్ళే వాడి మీద దాడి చేసి, హింసించి, అనవసరమైన బాధ కలిగిస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. అట్లకాడ కాల్చి వాత పెట్టినవాణ్ణి, బెల్టుతో వీపు చీల్చినవాణ్ణి పట్టుకోవడానికి అది చాలు.

మాస్టారు: "అనవసరమైన" బాధ అన్నావు. అంటే అవసరమైన బాధ ఒకటుందని చట్టమే ఒప్పుకుంది. ఎంత అవసరమో ఎవరు చెప్తారు? కొట్టేవాడే. నేను ముప్ఫై ఏళ్ళు చెప్పాను. నా లెక్కలో ప్రతి దెబ్బా అవసరమైనదే.

(ఈ మాట అంటూ ఆయన నా వైపు చూశారు. కాళ్ళు కొంచెం కుర్చీ కిందికి లాక్కున్న మాట నిజం.)

లాయరు: బడి సంగతే తీసుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే జీవో వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేశమంతా నిషేధించింది. బడుల్లో దెబ్బలు ఆగాయా?

మాస్టారు: ఆగలేదు. కానీ ఏం మారిందో నాకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తండ్రులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి, "కళ్ళు రెండూ వదిలెయ్యండి మాస్టారూ, మిగతా ఒళ్ళంతా మీ ఇష్టం" అనేవాళ్ళు. ఎద్దును అరకకు అప్పగించినట్టు అప్పగించేవాళ్ళు. ఇవాళ అదే ఊళ్ళో, చెయ్యి వాచిన పిల్లాణ్ణి వెంటబెట్టుకుని తండ్రి బడికొచ్చి నిలదీస్తాడు. అప్పట్లో నేను "కొట్టాను, అయితే ఏంటి" అనేవాణ్ణి. ఇప్పటి పంతులు "కొట్టలేదండీ" అని అబద్ధమాడతాడు. అబద్ధమాడాల్సి వచ్చిందే, అది మార్పు. పైగా ఆ సెక్షన్‌లో జైలు లేదు. సర్వీసు రూల్సు కింద క్రమశిక్షణ చర్య, అంతే.

లాయరు: పంతులుకి ఇంక్రిమెంటు ఆపొచ్చు, బదిలీ చెయ్యొచ్చు. తల్లికి ఏ ఇంక్రిమెంటు ఆపుతారు? ఎక్కడికి బదిలీ చేస్తారు?

నాకు నవ్వొచ్చింది. మాస్టారికి రాలేదు.

మాస్టారు: తల్లిని బదిలీ చేసే విద్య స్వీడన్ వాళ్ళకీ తెలీదు. ప్రపంచంలో అందరికంటే ముందు, 1979లో, వాళ్ళే ఈ నిషేధం తెచ్చారు. ఎక్కడ పెట్టారు? నేరాల చట్టంలో కాదు, తల్లిదండ్రుల బాధ్యతలు చెప్పే చట్టంలో. అక్కడ శిక్షేమీ రాయలేదు. పిల్లలున్న ఇళ్ళకు చిన్న పుస్తకం పంపారు, వలస వచ్చినవాళ్ళ భాషల్లో కూడా. పాల డబ్బాల మీద అచ్చువేశారు, పొద్దున్నే పాలు పోసుకుంటూ తల్లీ బిడ్డా కలిసి చదువుకుంటారని. అంతకు ముందు ఏడాది వాళ్ళ పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ జర్మనీలో శాంతి బహుమతి అందుకుంటూ ఒక సంగతి చెప్పింది. ఒక తల్లి కొడుకుని కొట్టాలనుకుని, బెత్తం నువ్వే వెతికి తెచ్చుకో పొమ్మంది. వాడు చాలాసేపటికి ఏడుస్తూ వచ్చి, బెత్తం దొరకలేదు, ఈ రాయి దొరికింది, దీంతో కొట్టమన్నాడు. అమ్మకు కావాల్సింది తనకు నొప్పి పుట్టడమే అయితే రాయైనా ఒకటేనని వాడి లెక్క. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నేనూ తప్పు చేసినవాణ్ణే బరికె కోసుకు రమ్మనేవాణ్ణి.

(నిజమే. బడి వెనక చింతచెట్టు ఎక్కి నా బరికె నేనే కోసుకున్న రోజులున్నాయి. సన్నదైతే చురుక్కుమంటుందని లావుపాటిది, ఆకు పూర్తిగా దుయ్యకుండా తెచ్చేవాళ్ళం. ఆయన మాకు చెప్పకుండానే నేర్పిన విద్యల్లో అదొకటి.)

లాయరు: శిక్ష రాయలేదన్నది సగం నిజం. కొట్టే హక్కు పోయిందంటే, ఆ తల్లి దెబ్బ అక్కడి మామూలు దాడి కిందికి వచ్చేసినట్టే. ఇక్కడ మీరు 27 తీసేసిన మరుక్షణం నేను 115లో నిలబడతాను. మీ చట్టంలో జైలు రాయక్కర్లేదు మామయ్యా, పక్క పేజీలో సిద్ధంగా ఉంటుంది. నార్వేలో ఏమైందో తెలీదా? 2012 డిసెంబరులో ఓస్లో కోర్టు మన తెలుగు దంపతుల్నే జైలుకు పంపింది. తండ్రికి పద్దెనిమిది నెలలు, తల్లికి పదిహేను. పిల్లాడి వయసు ఏడేళ్ళు. లోపల పడుకున్నవాడి వయసు.

మాస్టారు: మన పత్రికలు రాసింది ఒకటి. పిల్లాడు బడి బస్సులో నిక్కరు తడుపుకున్నాడు, ఇండియా పంపేస్తానని తండ్రి బెదిరించాడు, ఆ మాత్రానికే జైలా అని. కోర్టు ముందున్నది అది కాదు. పదేపదే హింసించడం, బెదిరించడం.

లాయరు: కోర్టు ముందు ఏదున్నా, వాళ్ళు లోపలున్నన్నాళ్ళూ వాడికి అమ్మా లేదు, నాన్నా లేడు. దెబ్బ తిన్నదీ వాడే, శిక్ష పడిందీ వాడికే. ఇదంతా వాడి మేలు కోసమేనట. "మేలు" అనే మాటను నేను ఒక్కదాన్నే దుర్వినియోగం చెయ్యట్లేదు చూశారా?

మాస్టారు: నార్వే 1987లోనే నిషేధించింది. 2005లో వాళ్ళ సుప్రీంకోర్టు తేలికపాటి దెబ్బకు సందిస్తే, 2010లో చట్టం సవరించి ఆ సందు కూడా మూసేశారు. అది వాళ్ళ దారి. నేను అడుగుతున్నది పాల డబ్బా దారి.

లాయరు: పాల డబ్బా దారే అయితే చట్టం ఎందుకు? పాల డబ్బా చాలదా?

ఆ మధ్యాహ్నం ఆవిడ వేసిన ప్రశ్నల్లో గట్టిది ఇదే. మాస్టారు లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చారు. క్లాసులో జవాబు తట్టనప్పుడు కిటికీ దగ్గరికి నడిచేవారు. ఇప్పుడు కుండ దగ్గరికి.

మాస్టారు: డబ్బా మీద ఏం రాయాలి మరి? కొట్టకండి, కొట్టినా తప్పు లేదు, అనా? అంగన్‌వాడీ టీచరు ఒక తల్లితో కొట్టొద్దమ్మా అంటుంది. నా బిడ్డ, నా ఇష్టం, కాదనడానికి నువ్వెవరు అంటుంది ఆ తల్లి. ఇవాళ చట్టం ఆ తల్లి పక్కన నిలబడి ఉంది, టీచరు పక్కన కాదు. నాకు కావాల్సింది చట్టం అటునుంచి ఇటు నాలుగడుగులు నడవడం. ఎవర్నీ పట్టుకోకపోయినా సరే.

లాయరు: చట్టం నడుస్తుంది, జనం నడవరు. న్యూజిలాండ్ 2007లో మీరన్నట్టే చేసింది. తల్లిదండ్రులకున్న ఆ మినహాయింపు తీసేసింది. 2009లో జనాన్ని ఓటు అడిగితే, మంచి పెంపకంలో భాగంగా వేసిన దెబ్బ నేరం కాకూడదని నూటికి ఎనభై ఏడు మంది తేల్చారు.

మాస్టారు: అయినా చట్టం తీసెయ్యలేదు. మన దగ్గర అంటరానితనం నేరమని 1955లో చట్టం చేసినప్పుడు ఊరూరా ఓటు పెట్టి ఉంటే ఎన్ని వచ్చేవి? ఓటు లేనివాళ్ళ ఒంటి మీది దెబ్బ గురించి, కొట్టేవాళ్ళను ఓటు అడగడం ఏమిటి? ఇంకోమాట, న్యూజిలాండ్ చట్టంలోనే ఉంది, పట్టించుకోనక్కర్లేనంత చిన్నదైతే కేసు నడపకుండా వదిలేసే విచక్షణ పోలీసులకు ఉందని.

లాయరు: అక్కడి పోలీసు విచక్షణ వేరు మామయ్యా. మన దగ్గర విచక్షణకు రేటు ఉంటుంది.

మాస్టారు: ఒప్పుకుంటాను. కానీ నేపాల్ మనకంటే సంపన్న దేశమేం కాదు. 2018లో ఇంట్లో, బడిలో, అన్నిచోట్లా నిషేధించింది. మనం బాలల హక్కుల ఒడంబడికలో చేరింది 1992లో. 2007లో మన కేంద్ర ప్రభుత్వమే పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేల నాలుగొందల మంది పైచిలుకు పిల్లలతో మాట్లాడించింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. ఇంట్లో తిన్నవాళ్ళలో నూటికి ఎనభై ఎనిమిది మందిని కొట్టింది తల్లీ తండ్రీ. మనకు తెలీదని కాదు. తెలిసి, అలమారలో పెట్టుకున్నాం.

లాయరు: ముగ్గురిలో ఇద్దర్ని కొట్టే దేశంలో కొట్టడం నేరమంటే, ముగ్గురిలో ఇద్దరి తల్లిదండ్రులు నేరస్థులు. ఏ జైలు సరిపోతుంది? అందర్నీ పట్టుకోలేరు కాబట్టి కొందర్నే పట్టుకుంటారు. ఆ కొందరు ఎవరో చెప్తాను. అపార్టుమెంటులో తలుపేసుకుని కొట్టే ఇంజినీరు కాదు. గోడలు లేని ఇళ్ళవాళ్ళు. చేపలమ్ముకునే ఒకావిడ కేసు చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంప ఎత్తుకుని వెళ్తే మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఒకరోజు వచ్చేసరికి కొడుకు బడి ఎగ్గొట్టి కాలవలో ఈత కొడుతున్నాడు. ముందు ఏడాది అదే రేవులో ఒక పిల్లాడు పోయాడు. ఈవిడ గంప అక్కడే పడేసి, వాణ్ణి జుట్టు పట్టి గట్టుకు లాగి, చేతికందిన తాటిమట్టతో బాదింది. ముంజేయి విరిగింది. ఆవిడ భయం ఎంతో ఆ దెబ్బ అంత. పాత చట్టాల కిందే ఆవిడ స్టేషనులో రెండు రోజులు కూర్చుంది, పిల్లాడు హోమ్‌లో కూర్చున్నాడు. హోమ్‌లో వాడు అడిగిన మాట ఒకటే: అమ్మ చేపలు ఎవరు అమ్ముతున్నారు?

మాస్టారు ఏమీ అనలేదు.

లాయరు: ఇంకొక రకం వస్తారు. విడాకుల కేసుల్లో మొగుళ్ళు. బిడ్డ కస్టడీ కావాలి, భార్య మీద ఏదో ఒకటి దొరకాలి. ఎనిమిదేళ్ళ పిల్లను నా ముందు కూర్చోబెట్టారు. అమ్మ ఎప్పుడెప్పుడు కొట్టిందో ఎక్కం అప్పజెప్పినట్టు తారీఖులతో చెప్పింది. అంతా అయ్యాక నా కొంగు పట్టుకుని, ఇప్పుడు నన్ను అమ్మ దగ్గరికి పంపిస్తారా, అని అడిగింది. మీ చట్టం వస్తే ఆ తండ్రికి ఇంకో సెక్షన్ దొరుకుతుంది. అంతకు మించి ఏమవుతుందో నాకు కనబడటం లేదు.

మాస్టారు: ఆ పిల్లాడి చెయ్యి విరిగింది కదమ్మాయీ.

లాయరు: విరిగింది.

మాస్టారు: వాడి మాట చెప్పావు, వాడి చెయ్యి మాట మధ్యలో దాటేశావు. ఆవిడ మంచి తల్లి, భయపడ్డ తల్లి, అన్నీ నిజం. ఆ తాటిమట్ట ఎత్తినప్పుడు, ఇది చెయ్యకూడని పని అని ఆవిడకు ఒక్క క్షణం తోచి ఉంటే? ఎవరు తోపించాలి? ఆవిణ్ణి ఆవిడ తల్లి తాటిమట్టతోనే కొట్టి ఉంటుంది. రాసి పెట్టుకో. కొట్టాలా వద్దా అన్నది ఆవిడకు ఎప్పుడూ ప్రశ్నే కాలేదు, ఎక్కడ తగలాలన్నదే ప్రశ్న. అది తప్పింది.

లాయరు: మీ లెక్కల పరిశోధనలు కూడా చెప్పండి, వింటాను.

మాస్టారు: చెప్తాను. 2016లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 75 అధ్యయనాలను, లక్షా అరవై వేల మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. వాతలు, బెల్టు దెబ్బలు కాదు, అరచేత్తో పిర్ర మీద వేసే మామూలు దెబ్బ. పదిహేడు విషయాలు కొలిస్తే పదమూడింట్లో కీడు వైపు తూగింది. మేలు వైపు తూగింది ఒక్కటీ లేదు.

లాయరు: అల్లరి ఎక్కువ చేసేవాడు ఎక్కువ దెబ్బలు తింటాడు. మందు మింగేవాళ్ళందరికీ జబ్బు ఉందని, మందే జబ్బు తెచ్చిందంటారా? దీని మీద అక్కడి పరిశోధకులే కొట్టుకుంటున్నారు.

మాస్టారు: కొట్టుకోనీ. మందు అమ్మేవాడు కదా అది పనిచేస్తుందని చూపించాల్సింది? ఇన్ని వేల ఏళ్ళుగా పిల్లలకు పోస్తున్న మందు, మేలు చేసినట్టు ఆ లెక్కలో ఒక్క చోటా తేలకపోతే, ఆ సీసా పక్కన పెట్టాలా, ఇంకో చెంచా పొయ్యాలా?

లాయరు: మీ మందు పనిచేసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఆయన్నే అడగండి. ఇంతకు ముందే అన్నారు, మాస్టారు నాలుగు తగిలించబట్టే ఇంతవాణ్ణయ్యానని.

అన్నాను. పొద్దున కాఫీ తాగుతూ అన్నాను. ప్రతిసారీ అంటాను, ఆయనకు సంతోషంగా ఉంటుందని. ఉండదని ఆ రోజు తెలిసింది.

మాస్టారు: వీళ్ళు ఏడాదికి పదిమంది వస్తారు. పళ్ళు తెస్తారు, శాలువా కప్పుతారు, మీరు కొట్టబట్టే అంటారు. రిటైరైన కొత్తలో నాకు గర్వంగా ఉండేది. తర్వాత ఒకరోజు కూర్చుని పాత క్లాసు పిల్లల పేర్లు గుర్తుచేసుకున్నాను. శాలువా తెచ్చినవాళ్ళు ఎంతమంది, నా దగ్గరికి ఎప్పుడూ రానివాళ్ళు ఎంతమంది అని. రానివాళ్ళే ఎక్కువ. మధ్యలో బడి మానేసినవాళ్ళున్నారు. బజార్లో కనబడితే తల తిప్పుకుని పోయేవాళ్ళున్నారు. వాళ్ళనీ వీళ్ళను కొట్టినట్టే కొట్టాను. అదే చెట్టు, అదే బరికె. మందు పనిచేసిందని చెప్పడానికి బాగుపడినవాళ్ళే వస్తారమ్మాయీ. మిగతావాళ్ళు సాక్ష్యం చెప్పడానికి రారు. నువ్వు లాయరువి, ఒక పక్షం సాక్షుల్ని మాత్రమే పిలిచి తీర్పు రాయొచ్చా?

దీనికి ఆవిడ దగ్గర జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు. నా పక్క బెంచీ కుర్రాడు ఎనిమిదిలో మానేశాడు. వాడు నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. వాడు మానేయడానికి బరికె కారణమో, ఇంట్లో గేదెలు కారణమో నేనెప్పుడూ అడగలేదు.

లాయరు: (కాసేపాగి) యశోద కూడా కర్ర పట్టుకుంది.

మాస్టారు: పట్టుకుంది. ఆ ఘట్టం సరిగ్గా గుర్తు తెచ్చుకో. వాడు కాటుక కళ్ళు నలుపుకుంటూ బెదిరిపోయి నిలబడ్డాడు. ఆవిడ కర్ర అవతల పారేసి, తాడు తెచ్చి రోటికి కట్టేసింది. కట్టెయ్యడం కూడా గొప్పేమీ కాదనుకో. కానీ మన భాగవతంలో పారేసిన కర్ర ఉంది, మనం పట్టుకున్న కర్రే గుర్తుపెట్టుకున్నాం. ఉత్తరాదివాళ్ళు శిక్షా అంటే చదువు. మనం శిక్ష అంటే దండన. సంస్కృతం నుంచి ఒకే మాట తెచ్చుకుని, అందులో ఏది మిగుల్చుకున్నామో చూడు.

(ఇక్కడ నాదొక మాట. తెలుగులో ఈ వాదం కొత్తది కాదు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసిన చలం "బిడ్డల శిక్షణ" రాసి ఎన్నో దశాబ్దాలైంది. ఆ పేరు చూసి, పిల్లల్ని ఎలా శిక్షించాలో చెప్పే పుస్తకమనుకుని కొన్న పెద్దమనిషిని నేనెరుగుదును.)

లాయరు: సరే, పిల్లాడు చేతికందకుండా పోయినప్పుడు? 2022లో సూర్యాపేట జిల్లాలో ఒక తల్లి, గంజాయి మరిగిన కొడుకుని కరెంటు స్తంభానికి కట్టేసి కళ్ళలో కారం పెట్టింది. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఆవిణ్ణి లోపలెయ్యాలా?

మాస్టారు: ఆవిణ్ణి నేను ఒక్క మాటా అనను. గంజాయి అమ్మేవాడు దొరకడు, పిల్లాణ్ణి మాన్పించే డాక్టరు అందుబాటులో ఉండడు, చేతిలో ఉన్నది కారం డబ్బా. ఆ వీడియో చూసి, తల్లంటే ఇలా ఉండాలి అన్నవాళ్ళను అంటాను. నీ 27 మనందరి చేత ఆ మాట అనిపించింది.

లాయరు: అనిపించలేదు. వాడికి పన్నెండు ఎప్పుడో దాటాయి, 27 వర్తించనే వర్తించదు. కాగితం మీద అది అప్పటికే నేరం. చూసినవాళ్ళలో ఎంతమందికి నేరంలా కనబడింది? కాగితం మీద ఉన్న నేరమే కళ్ళకు కనబడని చోట, ఇంకో నేరం రాస్తానంటున్నారు మీరు.

ఈసారి మాస్టారు కుండ దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఎదురుగా గోడ మీద నీడ మెల్లగా పైకెక్కుతోంది. లోపల పిల్లాడు నిద్రలో కాలు విదిలిస్తే చాప చప్పుడైంది. ఆవిడ లేచి వెళ్ళి వాడి చెంప చూసి వచ్చింది. వేళ్ళ గుర్తులు పోయాయని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

మాస్టారు: నువ్వు వాణ్ణి ఎందుకు కొట్టావు?

లాయరు: కంచం తోశాడని.

మాస్టారు: అది సెక్షన్ 27 జవాబు.

లాయరు: (చాలాసేపటికి) నిన్న ఆ ఎనిమిదేళ్ళ పిల్ల కేసులో తీర్పు వచ్చింది. అనుకూలంగా రాలేదు. రాత్రి నిద్ర లేదు.

మాస్టారు: సద్భావమంటే అదే అయితే, ఆ సెక్షన్ మనిద్దర్నీ కాపాడుతోంది. వాణ్ణి కాపాడట్లేదు.

లాయరు: మీకు కావాల్సింది ఒక్క వాక్యం కదా? రాసిస్తాను. నేను ఒప్పుకున్నట్టు కాదు. తప్పుగా రాస్తే ఎంత ప్రమాదమో మీకు చూపించడానికి.

పసుపుపచ్చ కాగితాల పుస్తకం తీసింది. మొదటి వాక్యం 27 కింద చేర్చాల్సిన వివరణ: దండనగా బిడ్డకు నొప్పి కలిగించడం ఈ సెక్షన్ దృష్టిలో మేలు కాదు. రెండోది: ఇంట్లో దెబ్బ గురించి తల్లిదండ్రుల మీద వచ్చిన ఫిర్యాదును ముందు బాలల సంక్షేమ కమిటీ చూడాలి, తీవ్రమైన గాయం ఉంటే తప్ప, కమిటీ చెప్పకుండా పోలీసులు కేసు కట్టకూడదు. మూడోది: ఈ ఒక్క కారణంతో బిడ్డను ఇంటినుంచి తీసుకుపోకూడదు. నాలుగోది రాసి కొట్టేసింది, మళ్ళీ రాసింది: కాన్పుకు వచ్చిన ప్రతి తల్లికీ, పక్కనున్న తండ్రికీ, ఆస్పత్రి వదిలేలోపు ఈ సంగతి వాళ్ళ భాషలో చెప్పాలి, తట్టుకోలేనప్పుడు పిల్లలైనా పెద్దలైనా 1098కి ఫోన్ చెయ్యొచ్చని కూడా చెప్పాలి.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. రెండోదానికి గడువు పెట్టమన్నారు. ఆవిడ పదిహేను రోజులని చేర్చింది. రెండూ మూడూ లేకుండా మొదటిది చట్టమైతే తనే కోర్టుకెళ్ళి కొట్టేయిస్తానంది. మొదటిది లేకుండా రెండూ మూడూ ఎందుకన్నారాయన. నన్నడిగితే నా ఓటు మాస్టారికే, కానీ ఆ చేపలావిడ గంప గుర్తొచ్చి రెండో వాక్యం మీద చెయ్యి పెట్టి మరీ వేస్తాను.

కాగితం అడుగున ఆవిడ అలవాటు కొద్దీ సంతకాలకు రెండు గీతలు గీసింది. మాస్టారు తన గీత మీద ఇంటిపేరుతో సహా రాశారు. రెండోది ఇంకా ఖాళీగానే ఉంది. కాగితం నా దగ్గరుంది.